బ్యానర్ 9 రిజిస్ట్రేషన్: సరుకు లోపలే ఉంది, తలుపుకే తాళం

బ్యానర్ అంటే యూనివర్సిటీలు విద్యార్థుల, కోర్సుల రికార్డులు నడిపే సాఫ్ట్‌వేర్. అది వాడే యూనివర్సిటీలో విద్యార్థి కంటికి ఆనేది రిజిస్ట్రేషన్ పేజీ ఒక్కటే. టర్మ్ (సెమిస్టర్) ఎంచుకోవాలి, సబ్జెక్టు ఎంచుకోవాలి, వెతకాలి, పది వరుసలకు ఒకసారి పేజీ తిప్పాలి. ఫోన్‌లో చూస్తే పట్టిక సగం తెర బయటే ఉండిపోతుంది. ఎంచుకున్న సెక్షన్లను, అంటే ఒక కోర్సుకు విడివిడిగా నడిచే తరగతులను, వారపు గడుల్లో చూపిస్తుంది గానీ, ఐదు కోర్సులకు ఒకదానితో ఒకటి పొసిగే వేళలన్నీ వెతికి పెట్టమంటే దాని వల్ల కాదు.

ఆ పేజీ అందచందాల జోలికి ఇక్కడ వెళ్లడం లేదు. అదే డేటాతో వేరొకరు మంచి పేజీ కట్టుకుంటామంటే బ్యానర్ ఎంత సహకరిస్తుంది, ఎక్కడ మొండికేస్తుంది, ఐటీ విభాగం ఏ పని చేస్తే దారి తెరుచుకుంటుంది అన్నదే ఈ సమీక్ష. మా తీర్పు ముందే చెప్పేస్తాం: డేటా బాగానే ఉంది, దాన్ని బయటికిచ్చే పద్ధతే బాగాలేదు. ఆ పద్ధతి మార్చడానికి బ్యానర్‌ను పీకి పారేయనక్కర్లేదు.

పునాది ఎంత పాతదంటే

బ్యానర్‌ను మొదట తయారు చేసిన ఎస్‌సీటీ కంపెనీని 2004లో సన్‌గార్డ్ కొన్నది. 2012లో సన్‌గార్డ్ ఉన్నత విద్యా విభాగం, డేటాటెల్ కలిసి ఎల్లూషియన్ అయ్యాయి. పేర్లు మారినా అడుగున ఉన్నది అదే ఒరాకిల్ డేటాబేస్, అవే ఏడక్షరాల టేబుల్ పేర్లు. ఎస్‌ఎస్‌బీ‌ఎస్‌ఈసీటీ అనే పేరు తీసుకోండి. మొదటి ఎస్ అంటే స్టూడెంట్, రెండో ఎస్ షెడ్యూల్, బీ అంటే బేస్ టేబుల్, మిగతా నాలుగూ సెక్షన్. మూడో అక్షరం ఆర్ అయితే ఒకరికి ఎన్ని వరుసలైనా ఉండొచ్చు, వీ అయితే అది కోడ్‌ల జాబితా. చూడ్డానికి గోల గోలగా ఉన్నా, ఒకసారి పట్టుబడితే ఏ టేబుల్లో ఏముందో పేరే చెప్పేస్తుంది. ఈ క్రమశిక్షణకు మాత్రం మంచి మార్కులే వేయాలి.

బ్యానర్ 8 కాలంలో వెబ్ పేజీలను నేరుగా పీఎల్ ఎస్‌క్యూఎల్ ప్రొసీజర్లే (ఒరాకిల్ డేటాబేస్ లోపలే నడిచే చిన్న ప్రోగ్రాములు) ముద్రించేవి. కోర్సుల జాబితా కావాలంటే ఫారంలోని ప్రతి గడికీ ముందు 'డమ్మీ' అని ఒక విలువ పంపి, ఆ తర్వాత అసలు విలువ పంపాలి. సబ్జెక్టుకు డమ్మీ, రోజుకు డమ్మీ, అధ్యాపకుడికి డమ్మీ. ఇది ఎవరి చిలిపితనమూ కాదు. ప్రొసీజర్‌కు ఆ విలువలు అర్రేలుగా (విలువల జాబితాలుగా) అందాలి. విద్యార్థి ఏమీ ఎంచుకోకపోయినా అర్రే ఖాళీగా ఉండకూడదని పెట్టిన మేకు అది. ఒక్క డమ్మీ మరిచిపోతే ప్రొసీజర్ సంతకం (అది ఆశించే విలువల వరుస) కుదరక పేజీ దొరకలేదని 404 వస్తుంది. కారణం తెలియనివాళ్లు యూఆర్ఎల్ తప్పేమోనని రోజంతా వెతుక్కుంటారు. ఇప్పటికీ కొన్నిచోట్ల ఈ పాత పేజీలు నడుస్తున్నాయి. అక్కడ హెచ్‌టీఎంఎల్ పట్టికల్లోంచి డేటాను గీరుకోవడం తప్ప వేరే దారి లేదు.

బ్యానర్ 9: పేజీ వెనకాల ఏముంది

బ్యానర్ 9ను గ్రెయిల్స్ అనే వెబ్ ఫ్రేమ్‌వర్క్ మీద తిరగరాశారు. రిజిస్ట్రేషన్ పేజీ తనకు కావలసిన డేటాను బ్రౌజర్ నుంచే జేసన్ (ప్రోగ్రాములు సులువుగా చదివే డేటా ఫార్మాట్) రూపంలో తెప్పించుకుంటుంది. బ్రౌజర్ డెవలపర్ టూల్స్‌లో నెట్‌వర్క్ ట్యాబ్ తెరిచి ఒకసారి వెతికితే అంతా కళ్లెదుటే. చాలా క్యాంపస్‌లలో కోర్సుల శోధనకు లాగిన్ కూడా అడగదు. క్రమం ఇదీ:

ముందు 'గెట్ టర్మ్స్'ను పిలిచి టర్మ్ కోడ్‌లు తెచ్చుకోవాలి. తర్వాత ఆ కోడ్‌ను 'టర్మ్ సెర్చ్'కు పోస్ట్ చేయాలి. అప్పుడు సర్వర్ మీ సెషన్ కుకీకి (మీ బ్రౌజర్‌ను గుర్తుపట్టే చీటీకి) ఆ టర్మ్‌ను కట్టేస్తుంది. ఆ కుకీతోనే 'సెర్చ్ రిజల్ట్స్' పిలిచి, పేజీకి 500 వరుసల చొప్పున ఆఫ్‌సెట్ (ఎన్నో వరుస నుంచి కావాలో చెప్పే అంకె) పెంచుకుంటూ పోవాలి. మరో శోధనకు ముందు 'రీసెట్ డేటా ఫారం' పిలవాలి.

రెండో మెట్టు వదిలేస్తే సర్వర్ తప్పని చెప్పదు. 200 (అంతా సవ్యం) అని జవాబిచ్చి, డేటా దగ్గర నల్ (ఖాళీ) పెడుతుంది. నాలుగో మెట్టు వదిలేస్తే ఇంకా ఘోరం: ఫిజిక్స్ అడిగినా ఇందాకటి కెమిస్ట్రీ ఫలితాలే తిరిగి వస్తాయి, అదీ 200తోనే. రెండు టర్ములను ఒకే కుకీతో సమాంతరంగా లాగితే ఒకదాని డేటా ఇంకొకదాని ఖాతాలో పడుతుంది. మూడు జబ్బులకూ మూలం ఒకటే. అడిగే ప్రశ్న మొత్తం యూఆర్ఎల్‌లో లేదు, సగం సర్వర్ జ్ఞాపకంలో ఉంది. అందుకే టర్ముకో కుకీ డబ్బా పెట్టుకోవాలి. వచ్చిన ప్రతి వరుసలోనూ టర్ము, సబ్జెక్టు మనం అడిగినవేనా అని సరిచూడాలి.

వచ్చిన డేటాలో సరుకు దండిగా ఉంటుంది. సెక్షన్ నంబరు, గరిష్ఠ సీట్లు, చేరినవారు, మిగిలిన సీట్లు, వెయిట్‌లిస్ట్ ఖాళీలు, రోజుకొక నిజం-అబద్ధం గుర్తు, గది, భవనం, అధ్యాపకుడు, అన్నీ విడివిడిగా ఉంటాయి. టైంటేబుల్ యాప్ కట్టేవాడికి ఇంతకంటే ఏం కావాలి? కానీ కొన్ని గుంతలున్నాయి, చూసుకుని నడవాలి.

వేళ '0930' అని నాలుగు అక్షరాల స్ట్రింగ్‌గా వస్తుంది. దాన్ని అంకెగా చదివితే ముందున్న సున్నా ఎగిరిపోయి 930 మిగులుతుంది, తర్వాత రెండేసి అక్షరాలుగా కోస్తే 93 గంటలు. కోర్సు పేర్లలో 'అండ్' గుర్తు హెచ్‌టీఎంఎల్ ఎంటిటీగానే వస్తుంది, విప్పకపోతే తెర మీద చెత్త. సీఆర్‌ఎన్ అనే సెక్షన్ నంబరు ఒక టర్ములోపల మాత్రమే ప్రత్యేకం. మరో టర్ములో అదే నంబరు ఇంకో కోర్సుకు రావచ్చు. డేటాబేస్ కీ ఎప్పుడూ టర్ము, సీఆర్‌ఎన్ జంటగానే ఉండాలి. సీఆర్‌ఎన్ ఒక్కదాన్నే కీగా పెట్టుకున్న యాప్ మొదటి టర్ము బ్రహ్మాండంగా నడిచి రెండో టర్ములో కుప్పకూలుతుంది.

సీట్ల లెక్కలో అసలు ఉచ్చు క్రాస్‌లిస్టింగ్. ఒకే తరగతిని రెండు విభాగాలు రెండు సీఆర్‌ఎన్‌ల కింద నడుపుతుంటే, ఒక సెక్షన్‌లో 12 సీట్లు మిగిలినట్టు కనిపించినా ఉమ్మడి కోటా నిండిపోయి ఉండొచ్చు. జవాబులో ఉమ్మడి సామర్థ్యం, ఉమ్మడి ఖాళీ వేరే గడుల్లో ఉంటాయి. రెంటిలో తక్కువది తీసుకోవాలి. సీటుందని యాప్ చెప్పి, బ్యానర్ కాదంటే విద్యార్థి తిట్టేది యాప్‌నే.

ప్రీరిక్విజిట్ల దగ్గర మాత్రం బ్యానర్ 9 చేతులెత్తేసింది. కోర్సు వివరణ, ముందుగా చదవాల్సిన కోర్సుల నియమాలు హెచ్‌టీఎంఎల్ ముక్కలుగానే వస్తాయి. 'మరియు', 'లేదా', బ్రాకెట్లు ఒక్కోటి పట్టికలో ఒక్కో గడి. ఆ గడులను వరుసగా చదివి తర్కాన్ని మళ్లీ మనమే కట్టుకోవాలి. పైగా ఒక్కో సెక్షన్‌కు విడిగా అడగాలి. నాలుగు వేల సెక్షన్లుంటే నాలుగు వేల అభ్యర్థనలు. డేటాబేస్‌లో ఇదే సమాచారం చక్కగా వరుసల్లో ఉంటుంది. తెరకెక్కేటప్పుడే చెడిపోతోంది.

ఇంతా చేసి ఈ దారికి ఏ హామీ లేదు. ఇది ఆ పేజీ సొంత అవసరానికి పెట్టుకున్న దొడ్డిదారి. అప్‌గ్రేడ్‌లో గడి పేరు మారితే ఎవరూ చెప్పరు.

అధికారిక దారి: ఈథోస్

ఎల్లూషియన్ అమ్మే అధికారిక ఏపీఐ (ప్రోగ్రాములు డేటా అడిగి తీసుకునే దారి) పేరు ఈథోస్ ఇంటిగ్రేషన్. ఏపీఐ కీ పోస్ట్ చేస్తే ఐదు నిమిషాలు చెల్లే టోకెన్ (తాత్కాలిక అనుమతి చీటీ) ఇస్తుంది. ఆ టోకెన్‌తో సెక్షన్లు, కోర్సులు, విద్యా కాలాలు, వ్యక్తులు వంటి రిసోర్సులను అడగొచ్చు. ఒక్కోదానికి వెర్షన్ ఉంటుంది. దాన్ని అభ్యర్థనతో పాటు పంపే యాక్సెప్ట్ హెడర్‌లో రాయాలి. రాయకపోతే కొత్త వెర్షన్ ఇచ్చేస్తుంది. ఈరోజు పనిచేసిన కోడ్ అప్‌గ్రేడ్ మర్నాడు పగిలిందంటే ముందు చూడాల్సింది ఈ హెడర్‌నే. పెద్ద లాగుడు పనుల్లో టోకెన్ మధ్యలో చచ్చిపోవడం మామూలే. 401 (అనుమతి చెల్లదు) వచ్చినప్పుడు కొత్త టోకెన్ తెచ్చుకుని అదే ఆఫ్‌సెట్ నుంచి మొదలుపెట్టే ఏర్పాటు ముందే ఉండాలి.

ఈథోస్‌లో బాగా నచ్చేది మార్పుల క్యూ. మొత్తం డేటాను మళ్లీ మళ్లీ లాగకుండా, మారిన రికార్డులు మాత్రమే సందేశాలుగా వస్తాయి. చివరగా అందుకున్న సందేశం నంబరు చెబితే అక్కడి నుంచి ఇస్తుంది. జాగ్రత్త ఒక్కటే: క్యూ అప్లికేషన్‌కు ఒకటే. టెస్ట్ సర్వర్‌నూ అసలు సర్వర్‌నూ ఒకే కీతో నడిపితే ఒకరి సందేశాలు ఇంకొకరు తినేస్తారు. సీట్ల లెక్క కొన్ని సెక్షన్లలో మాత్రమే పాతబడి ఉండటం ఈ జబ్బు లక్షణం.

నచ్చనిది ముక్కలు చేసిన తీరు. బ్యానర్ 9 పేజీలో ఒక వరుసలో దొరికే సమాచారం ఇక్కడ నాలుగైదు రిసోర్సుల్లో చెల్లాచెదురుగా ఉంటుంది. సెక్షన్ ఒకచోట, వేళలూ గదులూ బోధనా ఈవెంట్లలో, అధ్యాపకుడి గుర్తింపు ఇంకోచోట, అతని పేరు వ్యక్తుల దగ్గర. అన్నిటినీ కలిపేది 36 అక్షరాల గుర్తింపు కోడ్. సర్వర్‌కు సర్వర్ కలపడానికి ఇది ఫర్వాలేదు, కట్టింది కూడా అందుకే: లైబ్రరీ సాఫ్ట్‌వేర్‌కూ హాస్టల్ సాఫ్ట్‌వేర్‌కూ డేటా చేరవేయడానికి. విద్యార్థి డెవలపర్ ఈ లెక్కలోనే లేడు. కీ అప్లికేషన్‌కు దక్కుతుంది. ఆ కీకి వ్యక్తుల రిసోర్సు తెరిస్తే ఒక్క విద్యార్థి రికార్డు కాదు, అందరివీ తెరుచుకుంటాయి. అందుకే ఐటీ విభాగాలు ఆ కీని బయటివారికి ఇవ్వవు. ఇవ్వకపోవడమే సబబు.

సబబే గానీ, అక్కడితో ఆగిపోతే ఏమవుతుందో కూడా చూడాలి.

తాళం వేస్తే జరిగేది

అధికారిక దారి లేనప్పుడు విద్యార్థులు రెండు పనులు చేస్తారు. ఒకటి, సీటు ఖాళీ అయిందా అని చూసే స్క్రిప్టులు. అయిదు వేలమంది అర నిమిషానికొకసారి అడిగితే సెకనుకు సుమారు 167 అభ్యర్థనలు. ప్రతి అభ్యర్థనా ఒక సెషన్, ప్రతి సెషనూ సర్వర్ మెమరీ. రిజిస్ట్రేషన్ తెరిచిన ఉదయమే సర్వర్ పడిపోవడానికి ఇదో ముఖ్య కారణం. అదే యూనివర్సిటీ తానే నిమిషానికోసారి లాగి ఒక ఫైలులో పెడితే? నాలుగు వేల సెక్షన్లు, పేజీకి 500, అంటే నిమిషానికి ఎనిమిది అభ్యర్థనలు. మిగతా అయిదు వేలమందీ ఆ ఫైలును చదువుకుంటారు, బ్యానర్‌ను ముట్టుకోరు. ఏపీఐ ఇస్తే లోడు పెరుగుతుందని భయపడేవారికి ఈ రెండు అంకెలూ పక్కపక్కన చూపిస్తే చాలు.

రెండోది ఇంకా ప్రమాదం. సొంత మార్కులు, సొంత టైంటేబుల్ చూపించే యాప్‌లు విద్యార్థి పాస్‌వర్డే అడుగుతాయి. సింగిల్ సైన్ ఆన్ ఉన్నచోట ఆ పాస్‌వర్డే మెయిల్‌కు, ఫీజు ఖాతాకు, రీఫండ్ వెళ్లే బ్యాంకు వివరాలకూ తాళంచెవి. ఎవరి గదిలోనో ఉన్న సర్వర్‌లో వేల పాస్‌వర్డులు పోగుపడతాయి.

అడ్డుకట్ట వేసినా ఆగదన్న సంగతి యేల్ 2014 జనవరిలోనే చూసింది. విద్యార్థులు కట్టిన కోర్సుల సైటును క్యాంపస్ నెట్‌వర్క్‌లో ఆపేశారు. మరో విద్యార్థి అదే సమాచారాన్ని యేల్ సొంత పేజీ మీదే చూపించే క్రోమ్ ఎక్స్‌టెన్షన్ తయారు చేశాడు. డేటా యేల్ సర్వర్ నుంచే యేల్ విద్యార్థి బ్రౌజర్‌కు వెళ్తోంది, ఇక దేన్ని ఆపుతారు?

తెరిచినచోట్ల కథ వేరు. కెనడాలోని వాటర్‌లూ యూనివర్సిటీ ఓపెన్ డేటా ఏపీఐ నడుపుతోంది. కీ తీసుకుని హెడర్‌లో పెడితే టర్ములు, కోర్సులు, తరగతుల వేళలు వస్తాయి. సింగపూర్ జాతీయ యూనివర్సిటీ విద్యార్థుల ఎన్‌యూఎస్ మాడ్స్ అనే టైంటేబుల్ సైటు 2012 నుంచి ఉంది, ఓపెన్ సోర్స్. వీళ్ల పద్ధతి మాకు బాగా నచ్చింది. విద్యా సంవత్సరానికో ఫోల్డరు, కోర్సుకో జేసన్ ఫైలు, అంతే. డేటాబేస్ సర్వర్ అక్కర్లేదు, లాగిన్ అక్కర్లేదు. స్టాటిక్ (ముందే రాసిపెట్టిన) ఫైలు కాబట్టి ఎంతమంది వచ్చినా కూలిపోదు.

బ్యానర్ ముందు కట్టాల్సిన అరుగు

బ్యానర్ ఉన్న యూనివర్సిటీకి మా సిఫార్సు ఇదే. బ్యానర్‌ను కదపకుండా, దాని ముందు చదవడానికి మాత్రమే వీలైన చిన్న పొర కట్టండి. ఒక డెవలపర్, అప్పుడప్పుడూ సాయం చేసే డీబీఏ (డేటాబేస్ నిర్వాహకుడు), రిజిస్ట్రార్ కార్యాలయం నుంచి నిర్ణయం చెప్పగల ఒక మనిషి చాలు. మూడో మనిషి లేకే ఎక్కువ ప్రాజెక్టులు ఆగిపోతాయి.

డేటాబేస్ నుంచి నేరుగా వ్యూలు (సిద్ధంగా ఉంచే క్వెరీలు) రాస్తే రెండు తప్పులు దాదాపు ఖాయం. పేర్ల టేబుల్ ఎస్‌పీఆర్‌ఐడీఈఎన్‌లో పాత పేర్లు, పాత ఐడీలు కూడా వరుసలుగా ఉంటాయి. మార్పు గుర్తు గడి ఖాళీగా ఉన్న వరుసే ప్రస్తుతానిది. ఆ షరతు మరిస్తే పేరు మార్చుకున్న అధ్యాపకులంతా ఇద్దరిద్దరవుతారు. నమోదుల టేబుల్‌లో వదిలేసిన కోర్సులు కూడా ఉంటాయి. చాలామంది 'ఆర్ఈ', 'ఆర్‌డబ్ల్యూ' అనే రెండు స్థితి కోడ్‌లను క్వెరీలో గట్టిగా రాసేస్తారు. ఏదో ఒక రోజు రిజిస్ట్రార్ మూడో కోడ్ కలుపుతారు, లెక్క తప్పుతుంది. స్థితి కోడ్‌ల పట్టికలో 'సెక్షన్ నమోదులో కలుపు' అనే గుర్తు ఉంది, దాన్ని బట్టి వడకట్టాలి. పీఐడీఎం అనే అంతర్గత నంబరు ఏ జవాబులోనూ బయటపడకూడదు.

కోర్సుల వివరాలు రోజుకోసారి, సీట్లు నిమిషానికోసారి తాజా చేస్తే సరిపోతుంది. రెంటినీ ఒకే ఫైలులో పెట్టొద్దు. సీటు మారినప్పుడల్లా మొత్తం ఫైలు క్యాష్ (దాచి ఉంచిన నకలు) చెడిపోతుంది. ఈట్యాగ్ (ఫైలు మారిందో లేదో తెలిపే గుర్తు) పెడితే మారని ఫైలుకు 304 (మారలేదు) అనే జవాబుతో పని అయిపోతుంది. హద్దు దాటినవారికి 429 (మరీ ఎక్కువ అడిగారు), ఎంతసేపు ఆగాలో చెప్పే హెడర్. బ్రౌజర్‌లోనే నడిచే యాప్‌ల కోసం కార్స్ హెడర్ (వేరే సైటు పేజీ కూడా డేటా చదవొచ్చనే అనుమతి) తెరవాలి. ఇది మరిస్తే ప్రతి విద్యార్థీ మధ్యలో ఒక ప్రాక్సీ కట్టుకుంటాడు. ప్రతి జవాబులోనూ డేటా ఎప్పటిదో చెప్పే సమయం ఉండాలి. సీట్ల విషయంలో ఇది మర్యాద కాదు, అవసరం.

టర్మ్ కోడ్‌ను ఉత్త అంకెగా వదిలేయొద్దు. 202410 అంటే ఒకచోట ఫాల్, ఇంకోచోట స్ప్రింగ్. పేరు, మొదలు తేదీ, ముగింపు తేదీ పక్కనే ఇవ్వాలి.

టైంటేబుల్‌ను క్యాలెండర్ ఫీడ్‌గా ఇవ్వడం తక్కువ పనితో ఎక్కువ పుణ్యం. ఇక్కడ తరచూ దొర్లే తప్పు: టర్ము మొదటి తేదీనే ఈవెంట్ ప్రారంభ తేదీగా రాసేయడం. టర్ము సోమవారం మొదలై, తరగతి మంగళ, గురువారాల్లో ఉంటే చాలా క్యాలెండర్లలో సోమవారం ఒక దొంగ తరగతి కనిపిస్తుంది. టర్ము తేదీ నుంచి చూస్తే తరగతి నిజంగా పడే మొదటి రోజును లెక్కగట్టి రాయాలి. టైమ్‌జోన్ పేరు తప్పనిసరి, లేకపోతే గడియారాలు మార్చే దేశాల్లో సెమిస్టర్ మధ్యలో తరగతులన్నీ గంట జరిగిపోతాయి. టైమ్‌జోన్ రాసినప్పుడు ముగింపు హద్దును యూటీసీ (ప్రపంచ ప్రామాణిక కాలమానం)లో ఇవ్వాలి. సెలవులను మినహాయింపు తేదీలుగా చేర్చాలి.

సొంత రికార్డులకు మాత్రం ఓఆత్ 2.0 (పాస్‌వర్డ్ ఇవ్వకుండానే యాప్‌కు అనుమతినిచ్చే పద్ధతి), పీకేసీఈ అనే అదనపు భద్రతతో. అనుమతులు చిన్న చిన్నవిగా ఉండాలి: టైంటేబుల్ వేరు, మార్కులు వేరు, బకాయిల నిలుపుదల వేరు. ఒక్క 'అన్నీ చదువు' అనుమతి పెడితే బస్సు వేళల యాప్ కూడా మార్కులు అడుగుతుంది. యాక్సెస్ టోకెన్‌కు గంట, దాన్ని కొత్తగా తెచ్చిచ్చే రిఫ్రెష్ టోకెన్‌కు టర్ము ముగింపు వరకు చాలు. యాప్‌కో వేరు గుర్తింపు ఇవ్వాలి, అసలు విద్యార్థి ఐడీ ఇస్తే రెండు యాప్‌లు తమ డేటా కలిపేసుకోగలవు. అమెరికాలో 1974 నాటి ఫెర్పా చట్టం పేరు చెప్పి తలుపు మూసేవారు ఎక్కువ. ఆ చట్టం కాపాడేది విద్యార్థి రికార్డులను. కోర్సుల జాబితాకు, గదులకు, వేళలకు దానితో పని లేదు. తన రికార్డు చూసే హక్కు విద్యార్థికి ఆ చట్టమే ఇస్తుంది.

కోర్సులో చేరడం, వదలడం మాత్రం ఏపీఐలో తెరవొద్దు. తెరిచిన మొదటి నిమిషంలోనే సీట్లన్నీ స్క్రిప్టు రాయగలిగినవారి చేతుల్లోకి పోతాయి. యాప్‌లో ప్రణాళిక వేసుకుని సీఆర్‌ఎన్‌ల జాబితాను కాపీ చేసుకునే ఏర్పాటు చాలు. బ్యానర్ రిజిస్ట్రేషన్ పేజీలో సీఆర్‌ఎన్‌లు నేరుగా టైప్ చేసే ట్యాబ్ ఎలాగూ ఉంది.

మార్కులు వేయాలంటే: డేటా నమూనాకు పదికి ఎనిమిది. బ్యానర్ 9 దొడ్డిదారికి ఐదు, అదీ పనిచేస్తోంది కాబట్టి. ఈథోస్‌కు సంస్థల మధ్య పనికి ఏడు, విద్యార్థి డెవలపర్‌కు రెండు. కొత్త వ్యవస్థ కొనాలా అని ఆలోచిస్తున్న యూనివర్సిటీ ముందు ఈ పొర కట్టి చూడాలి. రేపు బ్యానర్ పోయి ఇంకోటి వచ్చినా యాప్‌లకు కనిపించేది ఈ పొరే కాబట్టి అవి మారనక్కర్లేదు.

పొర వెర్షన్ మార్చాల్సి వస్తే పాతదీ కొత్తదీ రెండు టర్ములు పక్కపక్కన నడపాలి. కీ తీసుకున్న ప్రతివారికీ ముందుగా మెయిల్ వెళ్లాలి. రిజిస్ట్రేషన్ తెరిచే వారంలో మాత్రం ఏదీ, చివరికి ఒక గడి పేరు కూడా, మార్చొద్దు.